గూటికి ఎంత దూరంలో నిలబడాలి?

ఎవరైనా మంచి పక్షి ఫోటో చూపించగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఏ లెన్సు?" రెండో ప్రశ్న "ఎక్కడ తీశావ్?" మూడో ప్రశ్న ఒకటి ఉంది, అది మాత్రం ఎవరూ అడగరు: "నువ్వు తీస్తున్నప్పుడు ఆ పక్షి ఏం చేస్తోంది?" మన కాలేజీ ఫోటో పోటీల్లో ఈ ప్రశ్న కూడా ఉండాలని, అది గూడు ఫోటో అయితే అసలు పోటీకే తీసుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. కొంచెం ఓపిగ్గా చదవండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

పోయిన ఏడాది మన పోటీలో మొదటి బహుమతి వచ్చిన ఫోటో మన మ్యాగజైన్‌లోనే చూశాను. పిగిలిపిట్ట గూడు. మూడు పిల్లలు నోళ్లు బార్లా తెరిచి ఉన్నాయి. ఫోకస్ అదిరింది, రంగులు బాగున్నాయి. కానీ తల్లి ఫ్రేములో లేదు. గూటి మీద నీడ కూడా లేదు, అంటే అడ్డంగా ఉన్న ఆకుల్ని ఎవరో పక్కకు తప్పించారన్నమాట. కళ్లు తెరవని పిల్లలు కొమ్మ కదిలితే చాలు, అమ్మే వచ్చిందనుకుని నోళ్లు తెరుస్తాయి. ఆ ఫోటోలో అవి నోళ్లు తెరిచింది అమ్మ కోసం కాదు, కెమెరా పట్టుకున్న చెయ్యి తగిలి కొమ్మ కదిలినందుకు. తీసినవాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అలా తీయకూడదన్న నియమం మనం ఎక్కడా రాసి పెట్టలేదు. రాయాల్సిన బాధ్యత క్లబ్బుది.

ఈ మాట చెప్పడానికి నాకేం అర్హత అంటారా? ఈ కాలేజీలోనే మెకానికల్ చదివాను. ఇప్పుడు దక్షిణ కాలిఫోర్నియాలో ఉద్యోగం. గత మూడేళ్లుగా వసంతకాలంలో శని, ఆదివారాల్లో శాన్ డియేగోకి ఉత్తరాన ఉన్న టోరీ పైన్స్ కొండ అంచుల దగ్గర ఒక డేగ కుటుంబాన్ని చూస్తున్నాను. నేను శాస్త్రవేత్తని కాను, ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్ని అంతకన్నా కాను. చూసేవాళ్లలో ఒకణ్ని, అంతే.

ఈ పక్షిని ఇంగ్లీషులో పెరిగ్రిన్ ఫాల్కన్ అంటారు, తెలుగులో బైరి డేగ. మనవాళ్లం గద్దనీ డేగనీ ఒకే గాటన కట్టేస్తాం గానీ రెండూ వేరు. డేగకి రెక్కలు కొసల దగ్గర సన్నగా మొనదేలి ఉంటాయి, కళ్లు నల్లగా ఉంటాయి, కళ్ల కింద మీసం దిద్దినట్టు ఒక నల్లటి చార. పైనుంచి రెక్కలు ముడుచుకుని వేట మీదకి దూకితే దాని వేగం గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది. భూమ్మీద ఇంతకు మించిన వేగం ఉన్న ప్రాణి లేదు. మన చరిత్రలోనూ దీని జాతికి గౌరవమే ఉంది. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడి ఇంటిపేరులోని 'సాళువ' అంటే వేటకి వాడే డేగే.

టోరీ పైన్స్ దగ్గర ఇసకరాతి కొండ నిటారుగా సముద్రం మీదకి నిలబడి ఉంటుంది. ఎత్తు సుమారు 300 అడుగులు. పైన అరుదైన దేవదారు లాంటి చెట్లు. ఆ టోరీ పైన్ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఇక్కడ, ఇంకా శాంటా రోజా అనే దీవిలో మాత్రమే. కింద సన్నటి ఇసక తీరం. గాలి సముద్రం మీదనుంచి వచ్చి కొండకి కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ గాలి మీద రెక్క ఆడించకుండా గూడబాతులు, అంటే పెలికాన్లు, వరసగా తేలిపోతుంటాయి. పక్కనే పారాగ్లైడర్లు కూడా అదే గాలిని నమ్ముకుని ఎగురుతుంటారు. డేగలకి కావలసింది కూడా ఆ గాలే.

గూడు అంటున్నాను గానీ, ఈ పక్షి ఒక్క పుల్ల కూడా ఏరదు. చరియలో అరలాంటి చోటు దొరికితే, అక్కడి మట్టిలో రొమ్ముతో ఒత్తి చిన్న గుంట చేసుకుని మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. నెల రోజులకి పైగా పొదుగుతుంది. ఆడపక్షి పెద్దది, మగది దానికంటే దాదాపు మూడో వంతు చిన్నది. పొదగడంలో మగది కూడా వంతు తీసుకుంటుంది కానీ దాని అసలు డ్యూటీ వేట. అది పావురాన్నో ఉల్లంకినో పట్టుకుని వస్తూ దూరం నుంచే అరుస్తుంది. ఆడది గూట్లోంచి ఎదురెళ్లి, గాల్లోనే వెల్లకిలా తిరిగి, దాని కాళ్లలోంచి వేటని అందుకుంటుంది. ఇదంతా రెండు సెకన్ల పని. మొదటిసారి చూసినప్పుడు నా చేతిలో కెమెరా ఉందన్న సంగతే గుర్తులేదు.

పిల్లలు ఆరు వారాలకి ఎగరడం మొదలుపెడతాయి. అసలు తమాషా అప్పట్నుంచే. తల్లీతండ్రీ వేటని నేరుగా నోటికందించడం మానేస్తాయి. గాల్లో పైనుంచి వదిలేస్తాయి, పిల్ల పట్టుకోవాలి. మొదట్లో అన్నీ మిస్సే. పక్షి ఈకలు రాలుకుంటూ కింద సముద్రంలో పడిపోతుంది, పిల్ల గోల పెడుతుంది, తల్లి పట్టించుకోదు. కొన్ని వారాలకి మెల్లగా చెయ్యి తిరుగుతుంది. మన థర్డ్ ఇయర్ ఇంటర్న్‌షిప్‌లాంటిదే, కాకపోతే ఇందులో ఫెయిలైతే సప్లీ ఉండదు. డేగ పిల్లల్లో సగానికి పైగా మొదటి ఏడాది దాటకుండానే చనిపోతాయి.

ఇక ఫోటోల సంగతి. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో ట్రైపాడ్లు వరసగా నిలబడి ఉంటాయి. 600 మిల్లీమీటర్ల లెన్సులు, సెకనుకి 20 ఫ్రేములు కొట్టే కెమెరాలు. కొండ పడమర ముఖంగా ఉంది కాబట్టి పొద్దున చరియ నీడలో ఉంటుంది. పైగా మే, జూన్‌లలో సముద్రం మీదనుంచి పొగమంచు వచ్చి మధ్యాహ్నం దాకా కదలదు. వెలుతురు వచ్చేది సాయంత్రమే. అంటే ఒక మంచి ఫోటో కోసం ఐదారు గంటలు ఊరికే నిలబడాలి. ఈ ఐదారు గంటలే మనిషిని పరీక్షిస్తాయి. కొందరు ఆ సమయంలో పక్షిని చదువుతారు. ఇంకొందరికి విసుగొచ్చి, కంచె దాటి కొండ అంచు మీదకి నాలుగడుగులు వేయాలనిపిస్తుంది.

ఆ నాలుగడుగుల వల్ల ఏమవుతుంది? మామూలుగా ఏమీ అవ్వదు. పక్షి తల తిప్పి చూస్తుంది. కేక్ కేక్ కేక్ అని గట్టిగా అరుస్తుంది. లేచి రెండు చుట్లు తిరుగుతుంది. మనకదే యాక్షన్ షాట్. కానీ ఆ రెండు చుట్లు తిరిగినంతసేపూ గుడ్ల మీద ఎవరూ లేరు. చలిగాలి ఉంటే గుడ్లు చల్లబడతాయి, ఎండ ఉంటే ఉడుకుతాయి. కాకి జాతి పక్షులు దగ్గర్లోనే కాచుకుని ఉంటాయి. పిల్లలు ఎగరడానికి ఇంకో వారం ఉందనగా భయపెడితే పరిస్థితి ఇంకా దారుణం. రెక్కలు పూర్తిగా రాకుండానే అంచు మీదనుంచి దూకేస్తాయి. కింద ఉన్నది రాళ్లు, అలలు. ఫోటో తీసినవాడికి ఇది తెలియను కూడా తెలియదు, ఎందుకంటే అప్పటికి కార్డు నిండిపోయి ఇంటికెళ్లిపోయి ఉంటాడు.

"డేగ కళ్లు" అన్న మాట మన తెలుగులోనే ఉంది. అంత చూపు ఉన్న పక్షికి మనం కనపడలేదని, మన రాకని అది లెక్కచేయలేదని ఎలా అనుకుంటాం? అది తన పని ఆపి మనవైపు చూసిందంటే మనం అప్పటికే ఎక్కువ దగ్గరకి వచ్చామని అర్థం. నా మటుకు నాకు దూరానికి కొలత ఇదే, అడుగుల్లోనూ మీటర్లలోనూ కాదు.

అడుగుల్లో ఎందుకు కాదంటే, పక్షిని బట్టి, చోటుని బట్టి లెక్క మారుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు ఊరి మధ్యలో చెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద మనుషులు తిరుగుతుంటారు, పైన పక్షులు పిల్లల్ని సాకుతుంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు కాబట్టి వాటికి ఆ మనుషుల అలికిడి అలవాటైంది. ఇటు బర్క్‌లీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గంటస్తంభం మీద బైరి డేగలు కాపురం పెట్టాయి. అక్కడ గూడుకి పక్కనే కెమెరాలు బిగించారు, రోజంతా లైవ్ వస్తుంది. కెమెరా దగ్గరగానే ఉంది, కానీ కదిలే మనిషి లేడు. అంటే నేను కెమెరాకి వ్యతిరేకిని కాను. తెలియకుండా, హఠాత్తుగా, పక్షి ఊహించని వైపునుంచి వచ్చే మనిషి గురించే నా గోల. కొండ చరియ మీది డేగకి పైనుంచి తల పెట్టి చూసే మనిషి అంటే, మనకి పడగ్గది కిటికీలోంచి తొంగిచూసే అపరిచితుడే.

డ్రోన్ల గురించి కూడా చెప్పాలి, మన కాలేజీలో డ్రోన్ క్లబ్బు మంచి ఊపు మీద ఉందని విన్నాను కాబట్టి. 2021 మే నెలలో ఇదే కాలిఫోర్నియా తీరంలో, హంటింగ్టన్ బీచ్ దగ్గర బోల్సా చీకా అనే రక్షిత మడుగుల్లో ఒక డ్రోన్ కూలింది. అక్కడ గూళ్లు పెట్టుకున్న వేలాది టెర్న్ పక్షులు బెదిరి లేచిపోయాయి, మళ్లీ రాలేదు. వెయ్యికి పైగా గుడ్లు ఇసకలో అలాగే ఉండిపోయాయి. డ్రోన్ ఎగరేసినవాడు గుడ్లు చంపాలని రాలేదు. బహుశా మంచి వీడియో కోసమే వచ్చి ఉంటాడు.

ఇంతకీ ఒక డేగ కోసం ఇంత రాద్ధాంతం ఎందుకు అనొచ్చు. ఈ పక్షి కథ తెలిస్తే ఆ మాట అనరు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం వార్తల కోసం పావురాల్ని విమానాల్లో తీసుకెళ్లేది. విమానం సముద్రంలో కూలితే పావురం వార్త తెచ్చేది. తీరపు కొండల మీది డేగలు ఆ పావురాల్ని పట్టేసేవి. అందుకని 1940లో ప్రభుత్వం డేగల్ని చంపమని ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 600 డేగల్ని చంపారు. యుద్ధం అయ్యాక అవి మళ్లీ పుంజుకోవడం మొదలుపెట్టాయి. 1960 ప్రాంతంలో పందెం పావురాలు పెంచేవాళ్లు మొరపెట్టుకున్నారు: డేగలు మితిమీరి పెరిగిపోయాయి, వీటి సంగతి చూడండి అని. సరే లెక్క తీద్దామని 1961లో సర్వే మొదలుపెట్టారు. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఔత్సాహికులు చరియ చరియకీ వెళ్లి చూశారు. తేలిందేమిటంటే, డేగలు పెరగడం కాదు, మాయమైపోతున్నాయి. 1963 నాటికి యుద్ధానికి ముందున్న సంఖ్యలో 44 శాతమే మిగిలాయి. ఉన్న గూళ్లలోనూ గుడ్లు పగిలిపోయి కనిపించేవి.

ఎందుకు పగులుతున్నాయి? గుడ్డు పెంకు పలచబడిందేమో అని రాట్‌క్లిఫ్‌కి అనుమానం వచ్చింది. కానీ పాత గుడ్డు లేకుండా ఎలా పోలుస్తాం? మ్యూజియాల్లో, గుడ్లు పోగుచేసే వ్యసనపరుల పెట్టెల్లో పాతకాలపు డేగ గుడ్లు ఉన్నాయి. వాటిని పగలగొట్టి మందం కొలవనివ్వరు. మనవాళ్లకి నచ్చే ఉపాయం చేశాడాయన. పెంకు బరువుని గుడ్డు పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగించాడు. పెంకు పలచబడితే ఆ సంఖ్య తగ్గాలి. అలా చూస్తే 1947 దాకా మామూలుగా ఉన్న పెంకు, అప్పట్నుంచి ఒక్కసారిగా సుమారు ఐదో వంతు పలచబడింది. ఆ ఫలితాన్ని 1967లో ప్రకటించాడు. యుద్ధం తర్వాత పొలాల్లోకి వచ్చిన డీడీటీ పురుగులోంచి చిన్న పిట్టలోకి, పిట్టలోంచి డేగలోకి చేరి, పెంకుకి కాల్షియం అందకుండా చేస్తోంది. తల్లి పొదగడానికి కూర్చుంటే దాని బరువుకే గుడ్డు చితికిపోతోంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ పాత గుడ్లు సాక్ష్యంగా ఎలా పనికొచ్చాయి? వాటిని ఎత్తుకొచ్చినవాళ్లు గొప్పవాళ్లు కాబట్టి కాదు. ప్రతి గుడ్డు పక్కన తేదీ, చోటు రాసిపెట్టారు కాబట్టి. ఆ రెండు ముక్కలు రాసి లేకపోతే అవి అందమైన గుడ్లే తప్ప సాక్ష్యం అయ్యేవి కావు. మన హార్డ్ డిస్కుల్లో ఉన్న వేల పక్షి ఫోటోల గతి కూడా ఇంతే. ఎప్పుడు, ఎక్కడ, పక్షి ఏం చేస్తుండగా తీశామో రాసుకోకపోతే యాభై ఏళ్ల తర్వాత అవి ఎవరికీ ఏమీ చెప్పవు.

అమెరికాలో కథ ఇంకా ఘోరం. 1970 నాటికి కాలిఫోర్నియా మొత్తంలో గూడు పెట్టినట్టు తెలిసిన డేగ జంటలు రెండంటే రెండు. లాస్ ఏంజిల్స్‌లో డీడీటీ తయారుచేసిన ఫ్యాక్టరీ వ్యర్థం ఏళ్ల తరబడి మురుగు కాలువల గుండా సముద్రంలో కలిసింది. దానివల్ల గూడబాతులు కూడా పోయాయి. 1970లో అనకాపా దీవి మీద 552 గూళ్లు పెడితే బతికి బట్టకట్టింది ఒక్క పిల్ల. 1972లో డీడీటీని నిషేధించారు. శాంటా క్రూజ్‌లో ఒక బృందం తాళ్లు కట్టుకుని చరియల్లోకి దిగి, పలచటి గుడ్లు తీసి వాటి స్థానంలో నకిలీ గుడ్లు పెట్టి, అసలువి ఇంక్యుబేటర్లో పొదిగించి, పిల్లల్ని మళ్లీ గూటికి చేర్చేది. దేశం మొత్తం మీద, పక్కనున్న కెనడాతో కలిపి, పెంచి వదిలిన డేగలు 6,000కు పైగా. 1999లో బైరి డేగని అమెరికా అంతరించిపోయే జాతుల జాబితాలోంచి తీసేశారు. 2009లో గోధుమరంగు గూడబాతునీ తీసేశారు.

టోరీ పైన్స్ దగ్గర ఇప్పుడు అందరూ ఎగబడి తీసే ఫోటో ఏంటో తెలుసా? గూటి వైపు వచ్చిన గూడబాతుని, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదాన్ని, తల్లి డేగ గోళ్లతో తన్ని తరిమే ఫోటో. 1970లో ఈ తీరంలో తన్నేదీ లేదు, తన్నులు తినేదీ లేదు. ఆ ఫ్రేములో రెండు పక్షులు ఉన్నాయంటే, ముప్పై నలభై ఏళ్లపాటు ఎందరో కొండలెక్కి దిగి లెక్కలు రాసుకున్న ఫలితం అది. వాళ్లు కూడా గూటి దాకా వెళ్లారు కదా అంటారేమో. వెళ్లారు. గుడ్డుని కాపాడటానికి, అనుమతితో, ఏ రోజు వెళ్తే నష్టం తక్కువో లెక్క వేసుకుని వెళ్లారు. మనం వెళ్లేది లైకుల కోసం. రెండింటికీ పోలికే లేదు.

నాకు ఎదురయ్యే వాదనలు కూడా చెప్తాను. మొదటిది: "ఫోటోలు లేకపోతే జనం పక్షుల్ని పట్టించుకోరు." ఇది నిజం. నేను ఒప్పుకుంటాను. డేగ అంటే ఏంటో తెలియని నా రూమ్మేట్లు ఒక ఫోటో చూసే నాతో కొండకి వచ్చారు. అంతే కాదు, ఫోటోగ్రాఫర్ల లెన్సుల వల్లే పక్షి కాలికున్న రింగు మీద నంబరు చదివి, అది ఎక్కడ పుట్టిందో, ఎన్నేళ్లదో తెలుసుకోగలుగుతున్నారు. ఎగరలేక నేల మీద పడ్డ పిల్లని ముందు గుర్తించి రేంజర్లకి ఫోన్ చేసేది కూడా వీళ్లే. కానీ గమనించండి, ఈ మేలంతా దూరం నుంచి జరిగిందే. పైగా మంచి ఫోటోలన్నీ ఎగిరే పక్షివే. గాలి కొండ అంచుకి పైకి లేస్తుంది కాబట్టి కంచె ఇవతల బాట మీద నిలబడితే డేగ తనంతట తనే మన కళ్ల ఎత్తులో నుంచి పోతుంది. 3,200వ వంతు సెకను షట్టర్ పెట్టుకుని కాచుకోవడమే మన పని. మనం దాని దగ్గరకి వెళ్లక్కర్లేదు.

రెండో వాదన: "నేనొక్కణ్ని వెళ్తే ఏమవుతుంది?" ఒక్కడివే అయితే నిజంగానే ఏమీ కాకపోవచ్చు. కానీ నువ్వు ఇన్‌స్టాలో లొకేషన్ ట్యాగ్ పెడతావు. వచ్చే ఆదివారం పదిమంది, ఆ పై ఆదివారం యాభై మంది. టోరీ పైన్స్ పేరు నేను దాచకుండా చెప్తున్నానంటే, అది అందరికీ తెలిసిన పార్కు, కంచె ఉంది, రేంజర్లు ఉన్నారు, సాటి ఫోటోగ్రాఫర్లే కసురుకుంటారు. అయినా ఏ అరలో గూడుందో మాత్రం ఇక్కడ రాయను.

మన దగ్గర పరిస్థితి వేరు. చలికాలంలో ఉత్తరాది మంచు దేశాల నుంచి వచ్చే బైరి డేగలు మన తీరం వెంబడి మడుగుల దగ్గర, ఉప్పు మడుల దగ్గర కనిపిస్తాయి. అదే జాతిలో షాహీన్ అనే రకం మన దేశంలోనే ఉంటుంది, రాతి కొండల చరియల్లో గూడు పెడుతుంది. ఛాతీ కింద ఇటుకరంగు, పైన నలుపు తిరిగిన బూడిదరంగు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ పక్షి మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి ఉన్న జాబితాలోనే ఉంది. కానీ చట్టం పుస్తకంలో ఉంటుంది, చరియ దగ్గర ఎవరూ ఉండరు. కంచె లేదు, బోర్డు లేదు. మన ఎండకి తల్లి పది నిమిషాలు లేచి వెళ్తే రాయి పెనంలా కాలుతుంది. పైగా వేటకి పెంచుకునే మోజు ఉన్న దేశాల్లో డేగ పిల్లలకి దొంగ మార్కెట్ ఉంది. మన లొకేషన్ ట్యాగ్ చూసేవాళ్లందరూ పక్షి ప్రేమికులే అని గ్యారంటీ ఏంటి?

మూడో వాదన నాకు బాగా నచ్చినది, ఒక జూనియర్ మెసేజ్‌లో అడిగాడు: "అన్నా, నా దగ్గర కిట్ లెన్సే ఉంది. దగ్గరకి వెళ్లకపోతే నేను పోటీలో ఎలా గెలుస్తా?" ఇది అసలు ప్రశ్న. లక్షలు పెట్టి లెన్సు కొన్నవాడు దూరం నుంచి తీస్తాడు, కొనలేనివాడు దగ్గరకి వెళ్లాల్సి వస్తుంది. అంటే మన పోటీ పద్ధతే డబ్బు లేని పిల్లాణ్ని గూటి మీదకి తోస్తోంది. తప్పు ఆ పిల్లాడిది కాదు, మనం బహుమతి ఇచ్చే కొలతది. ఒకే ఒక్క క్లోజప్‌కి బహుమతి ఇస్తే అందరూ క్లోజప్ కోసమే వెళ్తారు. అదే, మూడు నెలలు ఒక పక్షి జంటని చూసి రాసిన నోట్సుకి, దూరం నుంచి తీసిన పది మామూలు ఫోటోలకి బహుమతి ఇస్తే? దానికి మామూలు బైనాక్యులర్స్, ఒక నోటుపుస్తకం, ఓపిక చాలు. ఫోన్‌లో తీసినా చాలు. ఇంగ్లండ్‌లో జె.ఎ. బేకర్ అనే ఆయన ఉద్యోగం చేసుకుంటూనే ఎసెక్స్ తీరప్రాంతంలో ఏళ్ల తరబడి చలికాలపు డేగల వెంట సైకిల్ మీద తిరిగి, బైనాక్యులర్స్‌తో చూసి రాసుకున్న డైరీలతో 1967లో ఒక పుస్తకం తెచ్చాడు. పేరు 'ది పెరిగ్రిన్'. ఈ పక్షి మీద ఇప్పటికీ అందరూ ముందు చెప్పేది ఆ పుస్తకమే.

కాబట్టి క్లబ్బు ముందు నేను పెడుతున్న ప్రతిపాదనలు నాలుగు.

ఒకటి, గుడ్లు గానీ ఎగరని పిల్లలు గానీ ఉన్న గూడు ఫోటోలు పోటీకి తీసుకోవద్దు. ఎంత బాగున్నా సరే. పక్షి గూటికి పుల్లలు మోస్తున్న ఫోటో, వేటతో ఎగురుతున్న ఫోటో తీసుకోవచ్చు.

రెండు, ప్రతి ఎంట్రీతో పాటు మూడు వాక్యాలు రాయాలి: తేదీ, ఎంత దూరం నుంచి తీశారు, తీస్తున్నప్పుడు పక్షి ఏం చేస్తోంది. మూడో వాక్యానికీ మార్కులు వేయండి. "నన్ను చూసి ఎగిరిపోయింది" అని ఎవరైనా నిజాయితీగా రాస్తే అది కూడా సమాచారమే, ఇంకోసారి ఎంత దూరంలో ఆగాలో అందరికీ తెలుస్తుంది.

మూడు, గూడున్న చోటు బయట పెట్టొద్దు, లోపల మాత్రం తప్పకుండా రాయండి. క్లబ్బు దగ్గర ఒక రిజిస్టరు పెట్టి అందులో చోటు, తేదీ నమోదు చేయండి. ఫోటోలోని జీపీఎస్ వివరాలు తీసేసి పోస్ట్ చేయడం సీఎస్ఈ వాళ్లకి ఐదు నిమిషాల పని, అందరికీ నేర్పించండి. పదేళ్ల బ్యాచ్‌లు ఆ రిజిస్టరు నింపితే, మన క్యాంపస్ చుట్టుపక్కల ఏ పక్షి తగ్గిందో చెప్పగలిగేది మనమే అవుతాం.

నాలుగు, 'ఒకే పక్షి, ఒక సీజన్' అని కొత్త విభాగం పెట్టండి. డేగే అక్కర్లేదు. హాస్టల్ వెనక పిగిలిపిట్ట చాలు, వాటర్ ట్యాంకు మీద పావురం చాలు. మొదటి ఏడాది బహుమతి డబ్బు నేనిస్తాను.

పోటీ డిసెంబర్లో అంటున్నారు. ఈలోగా ఒక మీటింగులో వీటిని చర్చకి పెట్టండి. డ్రోన్ క్లబ్బు వాళ్లని కూడా పిలవండి. ఒప్పుకోనివాళ్లు ఉంటే మరీ మంచిది, ఎందుకు ఒప్పుకోరో వచ్చే సంచికలో రాయండి. జవాబు రాయడానికి నేను రెడీ.